దిగుడు

ఎక్కడం అయిపోయింది. ఇటలీ ఉత్తరపు కొసన, ఆల్ప్స్ పర్వతాల నడుమ, గావియా అనే కనుమ నెత్తిన ఒక మనిషి ఒక్కడే సైకిల్ మీద ఉన్నాడు. 1988 జూన్ 5, ఆదివారం. మంచు కురుస్తున్నది. మట్టిదారి బురదై, బురద మీద మంచు పేరుకొని, చక్రం పోయినచోట గీత పడుతున్నది. పడ్డ గీత పడ్డట్టే పూడిపోతున్నది. అతని ఒంటి మీద పొట్టిచేతుల చొక్కా. బతుకమ్మకు రంగద్దిన గునుగు పువ్వు ఉంటుందే, ఆ ఊదా గులాబీ రంగు చొక్కా. మోచేతుల కింద చర్మమంతా బోసిగా ఆ చలికి అప్పగించి ఉన్నది. వెనక ఎవరూ కనిపించరు. ఇంత పెద్ద పందెంలో, ఇంత భయంకరమైన రోజున, అందరికంటే ముందు అతనే ఉన్నాడు.

కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బాగుండు! ఆగదు. ముందు పాతిక కిలోమీటర్ల దిగుడు ఉంది. ఆ దిగుడులో అతను గెలవడని నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలిసింది. కింద బొర్మియో పట్నంలో గెలిచినవాడు గీత దాటిన దాదాపు 47 నిమిషాలకు గానీ అతను చేరుకోడు. ఆ తర్వాత ఇంకో దిగుడు ఉంది. దానికి కిలోమీటరు రాళ్లు లేవు. దాని అడుగున ఒక జైలు గది ఉంది.

అతని పేరు యోహాన్ వాన్ డెర్ వెల్డ. నెదర్లాండ్స్ దేశస్థుడు.

మంచు ఎరుగని నేల మీద పుట్టినవాణ్ని నేను. మా పాలమూరులో చలికాలం పొద్దున గడ్డి మీద పడే తడిని మంచు అంటాం. అంతే మాకు తెలిసిన మంచు. పక్కనే నల్లగొండ. పేరులోనే కొండ ఉన్న జిల్లా, ఆ కొండ కూడా ఎండకు కాలి నల్లబడ్డ రాయే. మాకు సైకిల్ అంటే కిరాయి దుకాణం, గంటకు ఆఠాణ, కాళ్లు అందక కైంచి తొక్కుడు, మోకాలికి ఎప్పుడూ మానని పుండు. ఇలాంటిచోటు నుంచి లేచి, ఎక్కడో ఆల్ప్స్ మీద వణికిన ఒక పరాయి దేశపు మనిషి కోసం దుఃఖపడటం ఏమిటని అడిగితే, నాకు మా ఊరి సైకిలాయన గుర్తొస్తాడు.

పంటలు ఇంటికొచ్చినంక వచ్చేవాడు ఆయన. సర్పంచి దగ్గర మాట తీసుకొని, బడి ముందర మైదానంలో సున్నంతో గుండ్రంగా బరి గీసేవాడు. నడుమ ఒక కట్టె పాతి, దానికి మైకు, రంగు కాగితాలు కట్టేవాడు. ఇక ఏడు రోజులు, ఏడు రాత్రులు కాలు కింద పెట్టకుండా సైకిల్ తొక్కేవాడు. సైకిల్ మీదనే తినడం, సైకిల్ మీదనే స్నానం. నేల మీద పెట్టిన రూపాయి నోటును తొక్కుతూనే వంగి పళ్లతో ఎత్తేవాడు. చూసినవాళ్లు నోట్లు తెచ్చి ఆయన చొక్కాకు పిన్నీసులతో గుచ్చేవాళ్లు. నాలుగో రాత్రి నిద్ర లేచి చూస్తే, ఊరంతా పడుకున్నది, మైకు కూడా పడుకున్నది, ఆయన ఒక్కడే వెన్నెల్లో తిరుగుతున్నాడు. కళ్లు మూతలు పడుతున్నాయి, కాళ్లు మాత్రం ఆగవు.

"తాతా, గింత బాధైతుంటే ఎందుకు దిగడే?" అని అడిగాను.

"దిగితే పైసలియ్యరు బిడ్డా" అన్నాడు తాత.

వృత్తి సైక్లిస్టు అనే మాటకు నేను విన్న మొదటి అర్థం అది. యోహాన్ గురించి తెలుసుకున్నప్పుడు ఆ అర్థం నాకు మళ్లీ అక్కరకొచ్చింది.

యోహాన్ 1956 డిసెంబర్ 12న రైస్‌బెర్గెన్ అనే ఊళ్లో పుట్టాడు. నెదర్లాండ్స్ దక్షిణాన, బ్రబాంట్ సీమలో, బెల్జియం సరిహద్దుకు దగ్గరి ఊరు. కొండలు లేని చదును నేల. అక్కడి పిల్లలకు కొండంటే గాలే. ఎదురుగాలికి తల వంచి తొక్కడమే వాళ్ల ఎక్కుడు. అలాంటి నేల నుంచి వచ్చిన ఈ పొడుగాటి కుర్రాడికి నిజం కొండలు కూడా లొంగడం ఆ రోజుల్లో ఒక ముచ్చట. 1978లో వృత్తిలోకి వచ్చాడు. వచ్చిన ఏడాదే స్విట్జర్లాండ్‌లో రోమాండీ పందెం గెలిచాడు. అప్పటికి ఇరవై రెండు కూడా నిండలేదు.

అతను చేరిన జట్టు పేరు టీఐ–రాలీ. ఈ పేరు దగ్గర నేను కొంచెం ఆగుతాను. రాలీ సైకిల్ మా పల్లెల్లో ఒకప్పుడు కట్నంలో అడిగిన వస్తువు. ఇంగ్లండులోని ఆ కంపెనీ పేరుతో బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సేన్–రాలీ ఫ్యాక్టరీ నడిచింది. ఇక టీఐ అంటే ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్. ఆ ఇంగ్లిష్ కంపెనీతో మురుగప్ప కుటుంబం చేతులు కలిపితేనే 1949లో మద్రాసు దగ్గర టీఐ సైకిల్స్ పుట్టింది, మనకు హెర్క్యులస్ బండి వచ్చింది. పాలోడు క్యాన్లు కట్టిన బండి, తాటి మోకు తగిలించుకొని కల్లు కుండలు మోసిన బండి, పోస్టు సంచి వేలాడిన బండి ఆ ఇంటిదే. పసుపు, ఎరుపు, నలుపు రంగుల చొక్కాతో యోహాన్ ఐరోపా దారుల వెంట దూసుకుపోతుంటే, అతని గుండె మీద రాసి ఉన్నది మా ఊరి గోడకు ఆనించి ఉన్న బండి పుట్టింటి పేరు.

ఆ జట్టును నడిపింది పీటర్ పోస్ట్. కఠినమైన మనిషి. గడియారం మీద పందెం వేసి జట్టంతా ఒకే తాడులా తొక్కే పోటీల్లో వాళ్లకు ఆ కాలంలో ఎదురులేదు. అందులో పెరిగిన యోహాన్‌కు ఒక విద్య కాదు, చాలా విద్యలు అబ్బాయి. ఒంటరిగా గడియారంతో పోటీపడగలడు. కొండ ఎక్కగలడు. గుంపు నుంచి చివరి వంద గజాల్లో విరుచుకుపడగలడు. సాధారణంగా ఈ మూడూ ఒక ఒంట్లో కుదరవు. బరువున్న కాళ్లు ఉరకడానికి, తేలిక ఒళ్లు ఎక్కడానికి. 1980లో దోఫినే పందెం అతనిది. అదే ఏడు టూర్ ద ఫ్రాన్స్‌లో యువ సైక్లిస్టుల తెల్లచొక్కా అతనిది. ఆ టూర్ గెలిచిన యోప్ జోటెమెల్క్ అతని జట్టువాడే. 1982లో బెర్నార్ హినో, జోటెమెల్క్‌ల తర్వాత మూడోవాడిగా పారిస్ వేదిక ఎక్కాడు. ఇరవై ఐదేళ్ల వయసు. హినో నాలుగోసారి గెలిచాడు, జోటెమెల్క్‌కు ముప్పై అయిదు దాటాయి. వచ్చే కాలమంతా ఆ మూడో మెట్టు మీద నిలబడ్డవాడిదే అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. నేను ఆ రోజును తలచుకున్నప్పుడల్లా అక్కణ్నుంచి కదలబుద్ధి కాదు.

కానీ ఆ ఒంట్లో ఇంకొకటి కూడా చేరింది. యాంఫిటమిన్. అలసటను చంపే మందు అంటారు గానీ, అది అలసటను చంపదు, దాన్ని కనబడకుండా దాస్తుంది. ఆకలి తెలియదు, నిద్ర రాదు, నొప్పి దూరంగా ఎవరిదో అన్నట్టు ఉంటుంది. 1967 జూలై 13న మాంట్ వెంటూ కొండ మీద ఇంగ్లండువాడు టామ్ సింప్సన్ ఎండలో కూలిపోయి చనిపోయినప్పుడు అతని ఒంట్లో దొరికింది అదే. అయినా ఆ మందు పోలేదు. టూర్ అయిపోగానే ఐరోపాలో ఊరూరా సంత పందేలు జరిగేవి. ఇవాళ ఒక పట్నం, రేపు ఇంకొకటి, రాత్రంతా కారు ప్రయాణం, పగలు పందెం. జీతం కంటే ఆ సంతల్లో దొరికే డబ్బే ఎక్కువ అనుకున్నవాళ్లు చాలామంది. నిద్రలేని ఆ వారాలను దాటించడానికి ఆ మాత్ర అందరికీ తెలిసిన దొంగదారి. దిగితే పైసలియ్యరు.

ఇది నాకు దూరపు సంగతిగా తోచదు. మా పాలమూరు మనుషులు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు ఒళ్లు తాకట్టు పెట్టి, దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు తవ్వారు. ఒంటి నొప్పులకు సాయంత్రం కల్లు. చెట్టు కల్లు చాలనప్పుడు క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్ కలిపిన కల్లు. 2015లో కల్తీ కల్లు ఆగిపోయినప్పుడు ఏం జరిగిందో మాకు గుర్తుంది. చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, లేనివి కనబడి, మనుషులు ఆస్పత్రుల్లో చేరారు. వాళ్లను చెడ్డవాళ్లని మేం అనలేదు. మందు ఆనాడు నొప్పిని దాచింది. దాచిన నొప్పి అంతా ఒక్కసారే వచ్చి అడిగింది.

యోహాన్ మందు పరీక్షల్లో పట్టుబడి ఫలితం పోగొట్టుకున్న రోజులూ ఉన్నాయి. నా మనసు పదేపదే ఆ రోజుల దగ్గరికే పోతుంది. పట్టుబడటం అంటే ఒక తలుపు తెరుచుకోవడం కదా. ఆ తలుపులో ఎవరన్నా నిలబడి, 'నీకేమైంది బిడ్డా' అని అడిగి ఉంటే? కానీ ఆ కాలపు శిక్షలు అడిగే శిక్షలు కావు. పందెం సమయానికి కాసిని నిమిషాలు కలిపేవాళ్లు, కొంత జరిమానా వేసేవాళ్లు, అంతే. గావియా జరిగిన ఆ 1988 వేసవిలోనే టూర్‌లో దొరికిన అతని దేశస్థుడు గెర్ట్-యాన్ టెనిస్సెకు వేసింది పది నిమిషాల శిక్ష. ఒక మనిషి ఒంట్లోకి చేరిన విషానికి గడియారంలో వెల కట్టారు. తలుపు మూసుకుంది. పందెం సాగింది.

1984 నుంచి అతని బతుకు ఎక్కువగా ఇటలీ జట్లతోనే సాగింది. ఇటలీ అతన్ని ప్రేమించింది. ఇటలీ అంతా చుట్టే పెద్ద పందెం జిరో ద ఇటాలియాలో అన్ని రోజుల్లోనూ నిలకడగా ముందు వరుసలో చేరేవాడికి ఆ గునుగు రంగు చొక్కా ఇస్తారు. 1985లో అతనికే, 1987లో అతనికే. నడుమ 1986లో టూర్‌లో ఒక రోజు పందెం గెలిచి, మొత్తం పందెంలో ముందున్నవాడి పసుపు చొక్కా తొడుక్కున్నాడు. ఒక్క రోజు. సైక్లిస్టులు జీవితమంతా కలగనే చొక్కా అది. తొడుక్కున్న మర్నాడే విప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ ఆదివారం.

ఆ పొద్దున లోయలో వాన. పైన మంచు పడుతున్నదన్న కబురు కింద అందరికీ తెలుసు. పందెం నడిపే విన్‌చెంజో టొర్రియాని ఆపలేదు. కియేజా ఇన్ వాల్మలెంకో నుంచి బొర్మియో దాకా 120 కిలోమీటర్లు. నడుమ గావియా, 2,600 మీటర్లకు పైబడ్డ ఎత్తు. జిరో ఆ కనుమ ఎక్కడం అది రెండోసారి. మొదటిసారి 1960లో ఇమేరియో మస్సిన్యాన్ అనే ఇటలీ కుర్రాడు అందరికంటే ముందు గావియా నెత్తికెక్కాడు. దిగుడులో వరుసగా పంక్చర్లు. గాలిలేని చక్రంతో బొర్మియో చేరేసరికి చార్లీ గాల్ కొన్ని సెకన్ల ముందు దాటిపోయాడు. ఆ కనుమకు అదే అలవాటనిపిస్తుంది. ఎక్కనిచ్చినట్టే ఎక్కనిచ్చి, దిగేటప్పుడు లెక్క అడుగుతుంది.

ఒక్క జట్టు మాత్రం ముందుగా మేల్కొన్నది. అమెరికావాళ్లు పొద్దున్నే మంచు ఆటల దుకాణాల్లో పడి ఉన్ని టోపీలు, చేతి తొడుగులు, కోట్లు కొన్నారు. వాటిని దారిలో, శిఖరం ఇవతల, తమ మనిషి యాండీ హాంప్‌స్టెన్ చేతికి అందేలా పెట్టుకున్నారు. ఎంత చిన్న పని! ఆ ఆదివారం గెలిచినవాళ్లకూ పోయినవాళ్లకూ నడుమ ఉన్న తేడా కాళ్ల బలంలో లేదు, నాలుగు ఉన్ని గుడ్డల్లో ఉంది.

యోహాన్ గావియా మీద అందరినీ వదిలేసి ముందుకు పోయాడు. నిటారు మలుపులు, మట్టిదారి, రెండు పక్కలా మంచుగోడలు. ఎక్కేటప్పుడు ఒళ్లు పొయ్యిలా రాజుకొని ఉంటుంది, చలి తెలియదు. అందుకే ఎక్కేవాడిని చూసి ఎవరూ భయపడరు. ఆనాటి ఫొటోలు చూడండి. బోసి చేతులు, నుదుటికి అతుక్కున్న తడి జుట్టు, మంచుతెర నడుమ ఆ ఊదా చొక్కా ఒక్కటే రంగు. ఎంత అందంగా ఉన్నాడు! కళ్లు మూసుకోవాలనిపిస్తుంది, ఎందుకంటే ఆ అందం ఇంకా కొన్ని నిమిషాలే.

శిఖరం దాటాడు. మొదటివాడే. అక్కడ ఆగి ఉంటే! ఎవరన్నా హ్యాండిల్ పట్టుకొని ఆపి, ఒక కోటు కప్పి, చేతులు రుద్ది, 'రెండు నిమిషాలు పోతే పోనీ' అని ఉంటే! ఒంటికి చాలినంత వెచ్చని బట్ట అతనికి అందలేదు. దిగుడు మొదలైంది. కాళ్లకు ఇప్పుడు పని లేదు; పని లేని ఒంట్లో పొయ్యి ఆరిపోయింది. తడిచొక్కా మీద గడ్డకట్టిన గాలి. వేళ్లు బ్రేకు మీద ఉన్నాయో లేవో తెలియదు. చల్లని వాన రోజున నడిబావిలో దిగినవాడికి దవడలు కొట్టుకుంటాయే, ఆ వణుకుకు పదింతలు అనుకోండి, ఆ వణుకుతోనే సైకిల్‌ను జారుడు మలుపుల్లో తిప్పాలి. యోహాన్ కొంత దూరం దిగి ఆగిపోయాడు. ఇక దిగలేకపోయాడు. దారిపక్కన ఒక బండిలోకి చేరి, వేడిగా ఏదో గొంతులో పోసుకొని, చేతులు కాచుకుంటూ కూర్చున్నాడు.

బయట ఒక్కొక్కరే దాటిపోతున్నారు. హాంప్‌స్టెన్ దాటిపోయాడు. ఎరిక్ బ్రూకింక్ దాటిపోయాడు; యోహాన్ దేశంవాడే, ఏడు సెకన్ల తేడాతో హాంప్‌స్టెన్‌ను మించి ఆ రోజు గెలిచినవాడు. మొత్తం జిరోలో ముందున్నవాడి గులాబీ చొక్కాతో పొద్దున బయలుదేరిన ఫ్రాంకో క్యోచ్చోలి సాయంత్రానికి దాన్ని పోగొట్టుకున్నాడు. అది హాంప్‌స్టెన్‌కు పోయి, చివరిదాకా అతనితోనే ఉండిపోయింది. గట్టివాళ్లు, కొండలు తెలిసినవాళ్లు బొర్మియోలో సైకిల్ దిగి చిన్నపిల్లల్లా ఏడ్చారు. యోహాన్ లేచి, మళ్లీ ఎక్కి, మిగిలిన దారి దిగాడు. ఆ 47 నిమిషాలను నేను ఓటమి అని రాయలేను. ఆ స్థితిలో మళ్లీ సైకిల్ ఎక్కడం నాకు ఆ ఎక్కుడు కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

మర్నాడు కూడా తొక్కాడు. ఆ తర్వాత కూడా. ఆ ఏటి జిరో ముగిసినప్పుడు గునుగు రంగు చొక్కా అతనిదే, మూడోసారి. చూసినవాళ్లకు అంతా బాగున్నట్టే ఉండి ఉంటుంది. చప్పట్లు కొట్టే చోట ఒంట్లో ఏం జరుగుతున్నదో ఎవరు అడుగుతారు?

1990లో పందేలు ఆగాయి. మందు ఆగలేదు. జూదం తోడైంది. పన్నెండేళ్లు మనిషిని పొద్దున లేపిన గంట, తినిపించిన చెయ్యి, బండి కడిగిన మెకానిక్, ఎప్పుడు ఎక్కడ ఉండాలో చెప్పిన కాగితం, అన్నీ ఒక్కసారిగా లేకుండా పోయాయి. మిగిలింది ఒక అలవాటు. తర్వాత జరిగినవి పొడిపొడిగానే చెబుతాను, ఇక్కడ సాగదీస్తే అతన్ని మళ్లీ వీధిలో నిలబెట్టినట్టు అవుతుంది. గడ్డి కోసే యంత్రాలు దొంగిలించాడు. తపాలా ఆఫీసులు పగలగొట్టి స్టాంపులు అమ్మే యంత్రాలు ఎత్తుకుపోయాడు. పట్టుబడ్డాడు. జైలుకు పోయాడు. హినో పక్కన వేదిక ఎక్కినవాడు, పసుపు చొక్కా తొడుక్కున్నవాడు, స్టాంపుల డబ్బాలోని చిల్లర కోసం.

నన్ను కలచివేసేది ఆ దొంగతనం కాదు, ఆ వస్తువులు. బంగారం కాదు, కార్లు కాదు. గడ్డి యంత్రం, స్టాంపుల డబ్బా. వాటి వెనక లోభం కనబడదు. వణికే చెయ్యి కనబడుతుంది.

అతని కొడుకు రికార్డో తర్వాత తనూ వృత్తి సైక్లిస్టు అయ్యాడు. తండ్రిని అంత చేసిన బండినే కొడుకు పట్టుకున్నాడని తెలిసిన రోజు నాకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

గావియా ఫొటో మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర రాలేదు. మా ఊరి సైకిలాయన ఏడో రోజు సాయంత్రమే కళ్లలో తిరిగింది. డప్పులు కొట్టారు, దండలు వేశారు, సర్పంచి ధోతి, కండువా పెట్టాడు. ఆయన చివరి చుట్టు తిరిగి ఆగాడు. ఆగాడు గానీ దిగలేదు. హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు విడవడం లేదు. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. తాతే లేచిపోయి, ఇంకొకాయన సాయంతో ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పాడు. కాలు నేలకు తాకగానే ఆయన నిలవలేక ఊగిపోయాడు, ఎండాకాలంలో గజగజ వణికాడు. తాత తన భుజం మీది గొంగడి తీసి ఆయనకు తల నుంచి కప్పి, పొదివి పట్టుకొని మా ఇంటికి నడిపించుకొచ్చాడు. నానమ్మ ఉప్పేసిన గంజి తెచ్చింది. గ్లాసు ఆయన చేత నిలవలేదు. తనే పట్టుకొని తాగించింది.

మర్నాడు పొద్దు నెత్తికొచ్చేదాకా ఆయన మా అరుగు మీద, ఆ గొంగడి కిందే పడుకున్నాడు. పిల్లలం అటు పోయి చప్పుడు చేస్తే తాత కసిరాడు. సైకిల్‌ను తనే లోపలికి తీసుకొచ్చి, గోడకు ఆనించాడు.